పిల్లల నోట తిట్టుమాట

రేడియోలో తిట్లను గూర్చి ప్రసంగించుట యనిన నూతిలో దిగి తడియకుండ పైకి వచ్చుట వంటిది. ఆకాశవాణి ప్రసార నియమములలో అశ్లీలమునకును, పరనిందకును తావు లేదు. ఆ నియమము మంచిదే. కాని చెప్పదలచిన వస్తువే తిట్టు అయినప్పుడు వక్త పడెడి పాట్లు దేవునికే ఎరుక. కావున మేము నిఘంటువులలో చోటు చేసికొన్న మాటలను మాత్రమే ఇందు పేర్కొందుము. తక్కినవి శ్రోతలకు తెలియనివి కావు. ఎవరికి వారు ఊహించుకొనగలరు.

పిల్లవాడు తిట్టుమాట పలికినచో ఊరకుండవచ్చునా, దండింపవలెనా? ఈ ప్రశ్నకు పెద్దలు సామాన్యముగా రెండు సమాధానములు చెప్పుదురు. నోటినుండి ఒక్క చెడ్డమాటయైనను రానీయరాదని కొందరు. వలదన్నకొలది ఆ మాటకు రుచి పెరుగును గనుక చూచియు చూడనట్లు పోవలెనని మరికొందరు. రెండింటిలోను కొంత నిజమున్నది. అయినను రెండు పక్షములవారును ఒక విషయమును విచారింపక విడిచిపెట్టుచున్నారని మాకు తోచుచున్నది. అది మాకు పుస్తకములవలన తెలిసినది కాదు. మా ఇంట మా చిన్నవాని వలన తెలిసినది. కనుక మొదట ఆ సంగతి చెప్పెదము.

కొన్ని సంవత్సరముల క్రిందటి మాట. మా మేనత్త మాతోనే ఉండెడిది. ఆమెకు ఇరువది యేండ్లు నిండకముందే భర్త గతించెను. తరువాత అరువది యేండ్లపాటు ఆమె మా ఇంటనే వండి, వడ్డించి, మమ్ములను పెంచి, మా పిల్లలనుకూడ పెంచెను. మా చిన్నవాడు అప్పటికి ఆరేండ్లవాడు. ఒకనాటి సాయంకాలము చక్రము ఊడిపోయిన బొమ్మబండిని నేలకు కొట్టుచు, "వెధవ బండి! వెధవ బండి!" అని వాడు కేకలు వేయుచుండెను. మేము నవ్వితిమి. నవ్వుట కెందుకనగా, ఆనాటి ఉదయము మా స్కూటరు కదలక మొరాయించినప్పుడు మేమన్న మాట అదే. మా గొంతులోని విసుగునుకూడ వాడు పొల్లు పోకుండ పట్టుకొనెను. మా నవ్వు చూచి వాడు ఉత్సాహముతో తలయెత్తి, "నాన్నా, వెధవ అంటే ఏమిటి?" అని అడిగెను.

మా మేనత్త గడప దగ్గర కూర్చుండి చిక్కుడుకాయలకు ఈనెలు తీయుచుండెను.

మేము నోరు మెదపలేకపోతిమి. ఆ మాట సంస్కృతమునందలి విధవా శబ్దము. తెలుగు నోట పడి వెధవ అయినది. భర్తను కోల్పోయిన స్త్రీ యని దాని యర్థము. దినమునకు పదిసార్లు ఆ మాట అనగలిగిన మాకు దాని యర్థమును ఒక్కసారి చెప్పుటకు నోరు రాలేదు. "చెడ్డమాట నాయనా, అనకూడదు" అని తప్పించుకొంటిమి. వాడు విడువలేదు. "మరి నువ్వు పొద్దున్న అన్నావుగా?" అనెను. మేము లేచి బండి చక్రము వెదకుటలో పడితిమి.

ఆ రాత్రి భోజనములైన తరువాత మా మేనత్త తానై యెత్తెను. "వాడికి అర్థం చెప్పాల్సివస్తే చెప్పెయ్ అబ్బాయీ. నాకు తగిలేదేమీ లేదు, ఎప్పుడో అలవాటైపోయింది. చెప్పేటప్పుడు మాత్రం నా వంక చూడకు" అనెను.

అరువది యేండ్లుగా మా ఇంట ఆ మాట వినబడుచునే యున్నది. పిల్లి పాలు త్రాగినను వెధవ పిల్లియే. వాన వచ్చినను వెధవ వానయే. చేయి జారి గ్లాసు పడినను చేసినవాడు వెధవయే. ఎవ్వరమును ఆమెను ఉద్దేశించి అనలేదు. అయినను ఆమె వినుచునే యున్నది.

ఇక విషయమునకు వత్తము. తెలుగువారు తిట్టును ఒక్క ముద్దగా చూడలేదు. మన భాషలో తిట్టు వేరు, శాపనార్థము వేరు, బూతు వేరు. ఎదుటివానిని కించపరచునది తిట్టు. వానికి కీడు కలుగవలెనని కోరునది శాపనార్థము. శరీరమునందలి గుప్తావయవములను, దాంపత్య రహస్యములను వీథిలో పెట్టునది బూతు. ఇంగ్లీషువారికి ప్రమాణము చేయుటకును, చెడ్డమాట పలుకుటకును ఒకే క్రియాపదము చాలును. మనకు ఒట్టు వేరుగా నున్నది. ఈ భేదమునకు కారణమున్నది. ఐరోపాలో దైవనామమును వ్యర్థముగా ఉచ్చరించుటయే ఒకప్పుడు మహాపాతకము. అందుచేత అక్కడి పాత తిట్లు పెక్కు దేవుని మీద ఒట్టుగా పుట్టినవే. మన ముసలివారు అసహ్యము కలిగినప్పుడు "రామ రామ" యందురు; అది తిట్టని ఎవ్వరును అనరు. ఏ సమాజము దేనికి భయపడునో అక్కడనుండియే దాని తిట్లు ఊరును. మన సమాజము చావునకును, వైధవ్యమునకును, కులమునుండి వెలి పడుటకును, తల్లి అక్కచెల్లెండ్ర మానము పోవుటకును భయపడినది. మన తిట్లను కుప్పగా పోసి ఏరి చూచినచో అవే నాలుగు రాశులు తేలును.

వెధవ యను మాట సంగతి చెప్పితిమి. ముండ యనునది శిరోముండనము చేయబడిన స్త్రీని తలపించుమాట. రండ యనునదియు విధవకు సంస్కృతమున ఉన్న పేరే. నీ తాడు తెగ యని ఆడుపిల్లను శపించుట యనగా నీ మంగళసూత్రము తెగవలెనని కోరుట. ఒక్క దురవస్థను గూర్చి ఇన్ని మాటలు! వితంతువుల పునర్వివాహమునకు 1856లో చట్టము వచ్చెను. వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరములో తొలి వితంతు వివాహము జరిపించిరి. చట్టము మారినది, కాలము మారినది, శిరోముండనము పోయినది. మాటమాత్రము చెక్కుచెదరక వంటయింటినుండి బడి మైదానము దాక తిరుగుచున్నది.

గురజాడ అప్పారావుగారు దీనిని చక్కగా కనిపెట్టిరి. కన్యాశుల్కము 1892లో తొలిసారి ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో పెంచి తిరుగవ్రాయబడినది. అందులో అగ్నిహోత్రావధానులుగారికి కోపము వచ్చినప్పుడు ఆ ఇంటి గోడలు తిట్లతో ప్రతిధ్వనించును. ఆ ఇంటనే బుచ్చమ్మ యను బాలవితంతువు, ఆయన కన్నకూతురు, మసలుచుండును. చదువుకొను కుఱ్ఱవాడు వెంకటేశమును అక్కడివాడే. నాటకము చూచి నవ్వుకొనువారిలో ఆ తిట్లను బుచ్చమ్మ చెవితో విన్నవారు ఎందరో మేము చెప్పలేము. మేమైతే మా మేనత్త ఆ మాట అన్న తరువాతనే ఆ నాటకమును మరల తెరచితిమి.

అర్థము తెలియక ముద్దుగా వాడు మాటలు మరికొన్ని కలవు. తాతగారు మనుమని చెవి మెలిపెట్టి "ఓరి భడవా" యందురు. ఆ పిలుపులో నెయ్యి కారుచుండును. ఉత్తరదేశపు భాషలలో ఆ మాటకు స్త్రీలను తార్చువాడని యర్థము. తాతగారికి ఆ సంగతి తెలిసినచో ఆ పూట భోజనము మానుదురు. అటువంటి మాట విషయమున మేము పట్టుదల వహింపము. దాని పూర్వార్థము మన నోట ఏనాడో చచ్చినది. దానిని విని తల దించుకొను మనిషి మన ఇంట ఎవ్వరును లేరు. వెధవ యను మాటకు అట్లు చెప్పలేము. విధవయను మాట మన భాషలో ఇంకను బ్రతికియే యున్నది. ఆ స్థితిలోనున్న స్త్రీ మన ఇంటనో పొరుగింటనో ఉన్నది.

తల్లిదండ్రులు సామాన్యముగా బూతునకు ఉలికిపడుదురు, తిట్టునకు ఉలికిపడరు. పిల్లవాడు ఒక అవయవము పేరు పలికినచో ఇల్లు దద్దరిల్లును. అదే పిల్లవాడు కాలు ఈడ్చు తోటిబాలుని కుంటివాడా యని పిలిచినప్పుడు "తప్పురా" అని ఒక్క మాటతో సరిపెట్టుదురు. ఒక కులము పేరు చెప్పి దానిని మురికికో, కేకలకో ఉపమానముగా వాడినప్పుడు అదియు లేదు. అది సామెత గదా యందురు. మన సామెతల పుస్తకములలో అటువంటివి కోకొల్లలుగా నున్నవి. పెద్దలు పడకకుర్చీలో కూర్చుండి అన్న సామెతను పిల్లవాడు మరునాడు బడిలో అనును. ప్రక్క బల్ల మీద ఆ కులపు బిడ్డ కూర్చుండి యుండును. ఆ బిడ్డ ఇంటికి పోయి తల్లితో ఏమని చెప్పునో మనము ఊహింపవలెను. షెడ్యూల్డు కులములవారిని, తెగలవారిని జనుల యెదుట కులము పేరుతో దూషించుట 1989లో చేసిన చట్టము ప్రకారము శిక్షార్హమైన నేరము. అంగవైకల్యము కలవారిని జనుల యెదుట కావలెనని అవమానించుటయు 2016 నాటి చట్టముచే నేరమైనది. న్యాయస్థానము నేరమని ఎంచిన మాటను వంటయింట నవ్వుచు అనుట ఎట్లు సాగుచున్నదో మాకు అంతుపట్టదు.

తల్లిని, అక్కను చేర్చి తిట్టు తిట్లు వేరొక రాశి. తగవు ఇద్దరు మగపిల్లలది. తప్పు బంతి విసరినవానిదో, బ్యాటు పట్టినవానిదో. దెబ్బ మాత్రము ఆ వేళకు ఇంట అన్నము వార్చుకొనుచున్న తల్లికి తగులును. ఆటలో ఆమె లేదు, తగవులో ఆమె లేదు, తిట్టులో మాత్రము ఆమె యున్నది. పదియేండ్లు దాటిన కుఱ్ఱవానికి ఈ సంగతి విప్పి చెప్పిన అర్థమగును. మేము చెప్పి చూచితిమి. వాడు మాటాడలేదుగాని చెవులు ఎఱ్ఱబడినవి.

దెబ్బ తగిలినప్పుడు అప్రయత్నముగా నోటినుండి వచ్చు మాట పైన చెప్పినవాటికంటె భిన్నమైనది. దానిని గూర్చి శాస్త్రజ్ఞులు కొంత కనుగొనిరి. 1861లో పారిసు సమీపమునందలి ఒక వైద్యాలయములో పాల్ బ్రోకా అను వైద్యుడు, వాక్కు పోయిన రోగి నొకనిని పరీక్షించెను. ఆ రోగి ఏమి అడిగినను "తాన్" అను ఒక్క అక్షరముతోనే జవాబు చెప్పెడివాడు. కాని తన భావము ఎదుటివారికి తెలియక కోపము వచ్చినప్పుడు మాత్రము దేవుని పేరుతో ఒక పూర్తి తిట్టును స్పష్టముగా పలికెడివాడు. మామూలు మాటలను కూర్చెడి మెదడు భాగము చెడినను తిట్టు మిగిలి యుండును. అనగా ఉద్రేకమున వచ్చు తిట్టు, ఆలోచించి పలుకు మాట నడచు దారిన నడువదు. ఏడ్పు, కేక నడచు దారికి అది దగ్గర. ఇంగ్లండులోని కీల్ విశ్వవిద్యాలయమున రిచర్డ్ స్టీఫెన్సు అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 2009లో ఒక ప్రయోగము ప్రకటించిరి. మంచువలె చల్లని నీటిలో చేయి ఉంచుమని విద్యార్థులకు చెప్పిరి. తిట్టుమాట పలుకుచు ఉంచినప్పుడు మామూలు మాట పలికినప్పటికంటె ఎక్కువ సేపు ఓర్చుకొనిరి. ఇంతవరకు విని పిల్లలు సంతోషింతురు. కాని 2011లో వారే చూపిన రెండవ సంగతి కలదు: దినదినము తిట్లు తిట్టు అలవాటున్నవారికి ఆ ఉపశమనము తక్కువగా కలిగినది. నిత్యము వాడిన మందు పట్టనట్లు!

కనుక గడప తగిలి కాలి గోరు ఊడిన పిల్లవాడు నొప్పిలో ఏమన్నను ఆ క్షణమున వానిని దండించుట వ్యర్థము. ముందు కాలికి పసుపో, మందో పెట్టవలెను. మాట సంగతి మరునాడు చూచుకొనవచ్చును.

పిల్లలకు తిట్లు ఎప్పుడు వచ్చును? మనము అనుకొన్నదానికంటె చాల ముందుగానే వచ్చును. అమెరికాలో తిమోతీ జే అను మనస్తత్త్వవేత్త ఈ విషయమున బహుకాలము పనిచేసెను. బడిలో చేరు వయస్సునకే పిల్లలకు 30, 40 తిట్టుమాటలు వాడుకలో నుండునని ఆయన వ్రాసెను. మన పిల్లలు వారికి తీసిపోవుదురని మేము అనుకొనము. రెండు మూడేండ్ల పసివాడు చిలుక పలికినట్లు పలుకును. అప్పుడు మనము పగలబడి నవ్వినను, పెద్దగా కేకలు వేసినను వానికి ఒకటే. తన మాటకు ఇంత పెద్ద ఫలము దొరకినదని మరల పలుకును. నాలుగైదేండ్ల పిల్లలకు మలమూత్రముల పేర్లే మహా హాస్యము. ఆ దశ దానంతట అదే దాటిపోవును. ఎనిమిది దాటిన తరువాత వచ్చునదే గట్టి దశ. బడి, వీథి, ఆటస్థలము, ఇప్పుడు చేతిలోని ఫోను, అందులోని ఆటలు అన్నియు ఉపాధ్యాయులే. ఆ వయస్సున తిట్టుమాట తోటివారిలో చేరుటకు ప్రవేశపు చీటీ వంటిది. దానిని మనము ఇంట కూర్చుండి చింపివేయలేము.

ఇక్కడ ఇంగ్లీషు చదువుల వింత నొకటి చెప్పవలెను. మా పరిచితుల ఇంట తొమ్మిదేండ్ల బాలిక పెన్సిలు ముక్కు విరిగినప్పుడెల్ల మలమునకు ఇంగ్లీషున గల మోటు పేరును పలుకుచుండును. తల్లి వినుచునే యుండును. అదే మాటను తెలుగున పలికియున్నచో ఆ తల్లి మూర్ఛపోవును! ఇందుకు కారణము లేకపోలేదు. లండనులోని బర్క్‌బెక్ కళాశాలకు చెందిన జాన్ మార్క్ డెవేల్ అను ఆచార్యుడు పలు భాషలు వచ్చినవారిని ప్రశ్నించి 2004లో ఒక వ్యాసము ప్రకటించెను. తొలి భాషలోని తిట్టే మనిషికి బరువుగా తోచునని, తరువాత నేర్చిన భాషలో ఆ బరువు తగ్గునని అందు తేలినది. తల్లికి ఆ మాట వట్టి చప్పుడు. ఇంగ్లీషు బడిలో పెరుగుచున్న బిడ్డకును రేపు అట్లే యుండునన్న నమ్మకము లేదు.

మన పూర్వులు తిట్టును పూర్తిగా వెలివేయలేదు. వేములవాడ భీమకవి తిట్టినది జరుగునని ప్రతీతి. కవి చౌడప్ప శతకమును ఇంటిల్లిపాది యెదుట చదువుట కష్టము; అయినను అది నేటికిని అచ్చగుచునే యున్నది. పెండ్లిండ్లలో వియ్యాలవారిని ఎగతాళి చేయు పాటలు పాడెడి ఆచారమున్నది. ఆ పాట విని అలిగిన వియ్యపురాలికే నామర్దా. తిరుపతి గంగమ్మ జాతరలో వేషము వేసిన భక్తుడు బూతులు తిట్టుట మొక్కులో భాగము. వినాయకచవితినాడు పొరపాటున చంద్రుని చూచినవారు నీలాపనింద తప్పించుకొనుటకు ఏమి చేసెడివారు? పొరుగింటి పెంకుల మీద రాయి విసరి తిట్లు తినెడివారు. మేమును చిన్ననాట విసరితిమి. పొరుగింటి ముసలమ్మగారు మా వంశమునెల్ల నాలుక మీదికి తెచ్చి తిట్టుచుండగా మేము గోడ చాటున నోరు మూసికొని నవ్వుకొంటిమి. ఆమెకు మేమెవరమో తెలియును, ఎందుకు విసరితిమో తెలియును. మరునాడు మమ్ములను పిలిచి ఉండ్రాళ్లు పెట్టెను. ఆ తిట్టునకు ఒక తిథి, ఒక చోటు, ఒక ఒడంబడిక ఉన్నవి. తిట్టువారు, తిట్టబడువారు ఇరువురును ఆటలో నున్నారు. ఆ తిట్లు మా ఒంటికి అంటలేదు.

పిల్లలకు ఇంత సూక్ష్మము అర్థమగునా యని కొందరు సందేహింతురు. తెలుగు బిడ్డ ఐదేండ్లు నిండకముందే ఎవరిని నువ్వనవలెనో, ఎవరిని మీరనవలెనో, ఎవరు వాడో, ఎవరు ఆయనో తెలిసికొనును. అమ్మను నువ్వనును, అమ్మతో మాటాడ వచ్చిన పంతులమ్మను మీరనును. ఒక్క వాక్యములో రెండును తప్పక పలుకును. వ్యాకరణములో ఇంతకంటె కష్టమైన పాఠము లేదు. దానిని బెత్తము లేకుండ నేర్చిన బిడ్డ, ఏ మాట ఎక్కడ తగునో, ఏది ఎక్కడను తగదో నేర్వలేకపోదు. అయితే ఆ పాఠము కూడ పెద్దల నోట వినియే నేర్చినది. పనిమనిషిని ఏమే యని, ఆటో నడుపువానిని ఒరే యని పిలుచు తండ్రి, కుమారునికి మర్యాద బోధింపబూనుట వేపచెట్టు క్రింద కూర్చుండి మామిడిపండ్లకు ఎదురుచూచుటయే.

దండన సంగతి త్వరగా ముగింతుము. నోటిలో కారము కొట్టుట, వాత పెట్టుట మన యిండ్లలో ఎరుగనివి కావు. పడమటి దేశములలో సబ్బుతో నోరు కడిగెడివారు. అవి క్రూరములు. అంతియేగాక, మంట పుట్టిన నాలుక ఆ మాటను జన్మలో మరువదు. పిల్లవాడు నేర్చునది తల్లిదండ్రులు లేనిచోట పలుకవలెనని మాత్రమే. బడులలో శరీరదండనమును, మనస్సును బాధించుటను 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. ఇంట దానిని నిషేధించుటకు చట్టము దాక పోనక్కరలేదు.

ఆ సాయంకాలము తరువాత మా ఇంట మేము చేసిన ఏర్పాటు ఇది. మంచిదో చెడ్డదో శ్రోతలు నిర్ణయింతురుగాక. ఏ మాటకైన అర్థము అడిగినచో పిల్లలకు దాచక చెప్పవలెను. ఆ అర్థమును, ఆ మాట ఎవరిని తాకునో వారి యెదుట చెప్పలేకపోయినచో ఆ మాట మా ఇంట ఎవ్వరును అనరాదు, పెద్దలతో సహా. అనినవారు పిల్లల చేత చెప్పించుకొనవలెను. నొప్పికి, విసుగునకు వచ్చు కేకకు లెక్క లేదు. గాడిద, కోతి, మొద్దు, దున్నపోతు యథేచ్ఛగా వాడుకొనవచ్చును. ఆ జంతువులు ఇంతవరకు ఆక్షేపింపలేదు. ఆడుపిల్లకు ఒక చట్టము, మగపిల్లవానికి ఒక చట్టము లేదు. ఇది చెప్పక తప్పదు. ఏలయనగా కొడుకు అన్నప్పుడు నవ్విన మాటనే కూతురు అన్నప్పుడు చేయెత్తిన ఇండ్లను మేము ఎరుగుదుము. మా ఇల్లును ఒకప్పుడు అట్టిదే.

మొదటి నెలలో అందరికంటె ఎక్కువసార్లు పట్టుబడినది మేమే. స్కూటరు అప్పటికిని సరిగా కదిలెడిది కాదు. అరువది యేండ్ల అలవాటున్న ఇంట నాలుకను మలపుట ఎంత కష్టమో అప్పుడు తెలిసినది. విసుగు వచ్చును, మాట కావలెను, ఆ మాట దొరకదు. ఆ లోటును తీర్చినది మా మేనత్తయే. కోపము స్వరము అట్లే యుంచి, శాపనార్థపు తూగు అట్లే యుంచి, లోపల దీవెన పెట్టిన మాట గోదావరి తీరమున ఒకటి కలదు: నీ ఇల్లు బంగారం కాను! పండ్లు కొరికి పలికినను అవతలివానికి మేలే కోరుచున్నాము. మా చిన్నవాడు దానిని గొప్పగా పట్టుకొనెను. బండికి, బంతికి, లెక్కల పుస్తకమునకు ఇండ్లు బంగారమగుట మొదలయ్యెను.

కొన్నాళ్ల తరువాత ఒక మధ్యాహ్నము వంటయింట పెద్ద చప్పుడు వినబడినది. మేమును, వాడును పరుగెత్తితిమి. పాలగిన్నె బోరగిలి యున్నది. పిల్లి కిటికీ మీద నుండెను. "వెధవ పిల్లి!" అని మా మేనత్త అట్లకాడ ఎత్తి యుండెను. వాడు గుమ్మములో ఆగి ఆమె వంక చూచెను. తరువాత మా వంక చూచెను. ఆమె నాలుక కరచుకొనెను. అట్లకాడ దింపకయే, అదే కోపముతో, "నీ ఇల్లు బంగారం కాను, రాత్రి తోడుకి చుక్క లేకుండా పారబోశావు కదే!" అనెను. వాడు పొట్ట పట్టుకొని నవ్వుచు నేల మీద కూర్చుండెను. పిల్లి ఇదేమియు పట్టించుకొనక గోడ దాటి పోయెను.